సైకిల్ పంచర్ మీరే వేసుకోవచ్చు

చిన్నూ, బుజ్జీ,

బెంగళూరు మారతహళ్ళిలో మీ వీధి చివరి పంచర్ షాపు ఎత్తేశారట, సైకిల్ మెట్ల కింద మూలన పడిందని అమ్మ చెప్పింది. దానికెందుకురా టెన్షన్, మీరే వేసుకోవచ్చు.

ముందు వాల్వు మీద కాస్త నీళ్ళు రాయండి. బుడగలొస్తే తప్పు అక్కడే, ట్యూబ్ జోలికి వెళ్ళక్కర్లేదు. రాకపోతే చక్రం విప్పి, టైర్ లివర్లతో ఒక పక్క అంచు మాత్రం పైకి లాగండి. స్క్రూడ్రైవర్ వద్దు, ట్యూబుకు ఇంకో బొక్క పెడుతుంది. మొదట్లో ఈ గాలి టైర్లను రిమ్ముకు అతికించేసేవారు, పంచరైతే గంటల పని, 1891లో ఫ్రాన్సులో మిషెలిన్ అన్నదమ్ములు ఊడదీసే టైరు తెచ్చాకే అది తేలికైంది.

ట్యూబు బయటికి తీసి, గాలి కొట్టి బకెట్ నీళ్ళలో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పండి, బుడగలొచ్చే చోట పెన్నుతో గుర్తు పెట్టండి. ఆ బొక్కను బాగా చూడండి, ఎలా పడిందో అదే చెబుతుంది. పక్కపక్కనే రెండు బొక్కలుంటే గాలి తక్కువగా ఉండగా గుంతలోనో స్పీడ్ బ్రేకర్ మీదో గట్టిగా దిగారన్నమాట, మన ఊళ్ళో గుంతలకేం కొదవ! రిమ్ము వైపు ఉంటే చక్రం పుల్ల (స్పోక్) గుచ్చుకుంది, పుల్లల కొసలను కప్పే రిమ్ము పట్టీ జరిగిందేమో చూడాలి. పైవైపు ఒక్కటే ఉంటే మేకో, ముల్లో, గాజు పెంకో. అది ఇంకా టైరులోనే ఉండొచ్చు. లోపలంతా గుడ్డతో తుడవండి, ఒట్టి వేలు పెట్టొద్దు, కోసుకుంటుంది. చాలామంది ఇది చూడకుండా ట్యూబ్ ఎక్కించేస్తారు, మర్నాడు మళ్ళీ పంచర్ అని షాపువాణ్ణి తిడతారు.

ఇక ప్యాచ్. ట్యూబు ఆరాక బొక్క చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, పొడి తుడిచి, ప్యాచ్ కన్నా కాస్త వెడల్పుగా సొల్యూషన్ (ప్యాచ్ జిగురు) పల్చగా రాయండి. తర్వాత ఆగాలి. చిన్నూ, నీకే చెప్తున్నా. తడిగా ఉండగా వేస్తే ప్యాచ్ జారిపోతుంది, ఐదు నిమిషాలు ఆగితే మెరుపు పోయి మసకగా కనిపిస్తుంది, అప్పుడు అంటించి బొటనవేలితో గట్టిగా నొక్కండి. ఆ వాసన పీల్చొద్దు, బాల్కనీలో కూర్చుని చేయండి.

ట్యూబులో కొంచెం గాలి కొట్టి మెలిక పడకుండా లోపల పెట్టండి, టైరు అంచును చేతులతోనే ఎక్కించండి.

నాన్న స్కూటరు సంగతి వేరు, అది ట్యూబ్‌లెస్ టైరు. అందులో మేకు కనిపిస్తే పీకొద్దు, గాలి నిలిచినంతసేపు అలాగే మెల్లగా షాపుకు పోనివ్వమనండి.

మీ తాతయ్య