కరిగిందా, విడిపోయిందా? మందుబిళ్ళల ల్యాబ్ నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

పోయిన నెల తెనాలి నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "ఒరే నాన్నా, బాబాయికి కొత్తగా రాసిన షుగర్ బిళ్ళ గ్లాసు నీళ్ళలో వేసి చూశానురా. గంటైనా కరగలేదు. పైన జిగురు జిగురుగా ఉబ్బింది. ప్లాస్టిక్ కలిపారేమోరా!" ఎవరో పంపిన వీడియో చూసి చేసిన పరీక్ష అది. అప్పటికే రెండు రోజులుగా బాబాయికి బిళ్ళ ఇవ్వడం మానేసింది.

నేను హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో డిసొల్యూషన్ ల్యాబ్‌లో పనిచేస్తాను. బిళ్ళలోని మందు ద్రవంలోకి ఎంతసేపట్లో ఎంత కరుగుతుందో కొలవడమే మా ఉద్యోగం. ఆ రోజు పిన్నికి చెప్పినవీ, ఫోన్లో చెప్పడానికి వీలుకానివీ ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నీళ్ళలో వేయగానే విడిపోతే మంచి బిళ్ళ, విడిపోకపోతే నకిలీ.

విడిపోవడం వేరు, కరగడం వేరు. బిళ్ళ నీళ్ళు పీల్చుకుని ఉబ్బి, పొడిపొడిగా రాలిపోవడం మొదటి మెట్టు మాత్రమే. ఆ పొడి అడుగున తెల్లగా పేరుకుంటే అందులోని మందు కరిగిందో లేదో కంటితో చెప్పలేం. సుద్దముక్కను నలిపి నీళ్ళలో వేసినా పొడి అవుతుంది, కరగదు. అందుకే మేం ఒక్కో గాజు పాత్రలో సాధారణంగా 900 మిల్లీలీటర్ల ద్రవం పోసి, ఒంటి వేడికి సరిపడా 37 డిగ్రీల దగ్గర ఉంచి, చిన్న తెడ్డు నిమిషానికి 50 చుట్లు తిరుగుతుండగా ఆరు బిళ్ళలను ఆరు పాత్రల్లో వేస్తాం. చెప్పిన సమయానికి కాస్త ద్రవం తీసి, వడగట్టి, ఆ తేటలో మందు ఎంత ఉందో కొలుస్తాం. వడగట్టాక తేటలో ఉన్నదే లెక్క.

ఇక పిన్ని చూసిన జిగురు. ఆ బిళ్ళ పేరు చివర ఎస్ఆర్ అని ఉంది. అంటే మందును కొన్ని గంటలపాటు కొంచెం కొంచెంగా వదిలే రకం. అందులో కలిపిన పదార్థం నీళ్ళు తగలగానే జెల్లీలా ఉబ్బుతుంది, మందు ఆ జెల్లీ గుండా మెల్లగా బయటికి వస్తుంది. గంటకే కరిగిపోయి ఉంటే అప్పుడు అనుమానించాలి! కొందరికి ఇలాంటి బిళ్ళల డొల్ల మలంలో కనిపిస్తుంది. మందు ఒంటికి పట్టలేదని భయపడతారు. అది ఖాళీ డొల్ల.

గ్యాస్ బిళ్ళ పాంటోప్రజోల్ సంగతి ఇంకోటి. కడుపులోని ఆమ్లం తగిలితే ఆ మందు పాడవుతుంది. అందుకని ఆమ్లంలో కరగకుండా, పేగుల్లోకి వెళ్ళాకే కరిగే పూత వేస్తారు. ఇలాంటి బిళ్ళలను నలిపి, విరిచి, నమిలి వేసుకుంటే ఆ ఏర్పాటంతా పోతుంది. బిళ్ళ మింగడం కష్టమైతే డాక్టర్‌నో ఫార్మసిస్టునో అడగండి, ఇంట్లో దంచకండి.

అపోహ: పంచదార కరగడమూ, మంచు కరగడమూ ఒకటే.

ఈ చిక్కు మన మాటలోనే ఉంది. మంచు కరిగింది అంటాం, నెయ్యి కరిగింది అంటాం, ఉప్పు నీళ్ళలో కరిగింది అని కూడా అంటాం. మంచు, నెయ్యి కరగడానికి వేడి ఒక్కటి చాలు. వేడితోనే ఉప్పును కరిగించాలంటే 801 డిగ్రీలు కావాలి. అదే ఉప్పు కుండలోని చల్లటి నీళ్ళలో చిటికెలో కలిసిపోతుంది. ఎందుకు?

నీటి అణువుకు ఒక కొస కాస్త ధనావేశం, ఇంకో కొస కాస్త రుణావేశం. ఉప్పు పలుకులో ధనావేశమున్న సోడియం, రుణావేశమున్న క్లోరైడ్ అయాన్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని వరసలు కట్టి ఉంటాయి. నీటి అణువులు పలుకు అంచుల్లో చేరి, సోడియం వైపు ఒక కొస, క్లోరైడ్ వైపు రెండో కొస తిప్పి, చుట్టూ మూగి ఒక్కొక్కదాన్నీ లాక్కుపోతాయి. పాత పట్టు విడిపించడానికి శక్తి ఖర్చవుతుంది, కొత్త పట్టు దొరికినప్పుడు శక్తి తిరిగి వస్తుంది. ఉప్పు విషయంలో ఈ రెండూ దాదాపు సరిసమానం. యూరియాలో ఖర్చే ఎక్కువ. పిచికారీకి డ్రమ్ములో యూరియా కలిపే రైతుకు డ్రమ్ము చల్లబడటం చేతికి తెలుస్తుంది.

శక్తి నష్టమైనా యూరియా ఎందుకు కరుగుతున్నట్టు? వరసగా పేర్చి ఉన్న అణువులు నీళ్ళంతటా చెల్లాచెదురు కావడానికి లెక్కలేనన్ని మార్గాలున్నాయి, పేర్చినట్టే ఉండిపోవడానికి ఉన్నవి చాలా తక్కువ. ప్రకృతి ఎక్కువ మార్గాలున్న వైపే వెళ్తుంది. కరగడం వెనుక ఉన్నవి ఈ రెండే: పట్టుల లెక్క, చెదిరిపోయే లెక్క. నా ఉద్యోగంలో నాకు ఇప్పటికీ అబ్బురంగా అనిపించేది ఇదే.

అపోహ: నూనెకూ నీళ్ళకూ పడదు, అందుకే కలవవు.

వాటికి విరోధమేమీ లేదు. నీటి అణువులకు ఒకదానిమీద ఒకటి మక్కువ మరీ ఎక్కువ. మధ్యలో నూనె అణువు వస్తే ఆ అల్లిక సర్దుకోవాల్సి వస్తుంది, బదులుగా నూనె ఇచ్చేది దాదాపు ఏమీ లేదు. అందుకే బయటికి నెట్టేసినట్టు కనిపిస్తుంది. పసుపులోని కుర్కుమిన్ కూడా నూనె తరఫుదే. నీళ్ళలో దాదాపు కరగదు, తాలింపు నూనెలో ఇట్టే దిగుతుంది. విటమిన్ డి కొవ్వులో కరిగేది కాబట్టే భోజనంతోనో పాలతోనో తీసుకోమంటారు.

అపోహ: వేడి చేసి బాగా కలిపితే ఏదైనా ఎక్కువ కరుగుతుంది.

ముందు కలపడం సంగతి. గరిటె తిప్పినా, పటిక బెల్లాన్ని పొడి కొట్టినా పెరిగేది వేగం. ఎంత కరుగుతుందన్న హద్దు మారదు. 1897లో అమెరికాలో నోయస్, విట్నీ అనే ఇద్దరు రాసిన సూత్రం మీదే ఇవాళ్టికీ మా ల్యాబ్ నడుస్తోంది. పలుకును అంటుకుని ఉన్న పలుచని పొరలోని ద్రవం, కరిగిన పదార్థంతో ఇక పట్టనంతగా వెంటనే నిండిపోతుంది. ఆ పదార్థం అక్కడి నుంచి బయటి ద్రవంలోకి ఎంత త్వరగా జారితే కరగడం అంత వేగం. తెడ్డు తిప్పితే ఆ పొర పలచబడుతుంది.

వేడి విషయం పదార్థాన్ని బట్టి ఉంటుంది. 100 గ్రాముల నీళ్ళలో మామూలు వేడి దగ్గర దాదాపు 200 గ్రాముల పంచదార కరుగుతుంది, మరిగే నీళ్ళలో 480 గ్రాములు దాటుతుంది. పాకం చల్లారాక పలుకులు కట్టడం అందుకే. ఉప్పు మాత్రం చల్లటి నీళ్ళలో సుమారు 36 గ్రాములు, మరిగే నీళ్ళలో 39. అంతే తేడా. సున్నం ఇంకా విచిత్రం, లీటరు నీళ్ళలో 20 డిగ్రీల దగ్గర 1.7 గ్రాములు కరిగితే, 100 డిగ్రీల దగ్గర 0.7 గ్రాములే.

వాయువులదీ సున్నం దారే. నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. ఎండాకాలం భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగితే రైతు గుండె ఆగినంత పనవుతుంది. మాకూ గాలితో తంటానే. ద్రవంలో కరిగి ఉన్న గాలి బుడగలై బిళ్ళకు అంటుకుంటే లెక్క తప్పుతుంది. అందుకే ముందే ద్రవాన్ని కాస్త వేడిచేసి, వాక్యూమ్‌తో వడగట్టి గాలి తీసేస్తాం.

అపోహ: మందు అదే అయితే కరిగే తీరూ అదే.

1996లో వచ్చిన రిటోనావిర్ అనే హెచ్ఐవి మందు కథ మా వృత్తిలో తెలియనివారు ఉండరు. 1998లో ఉన్నట్టుండి క్యాప్సూళ్ళు డిసొల్యూషన్ పరీక్షలో తప్పాయి. పరిశీలిస్తే అణువు అదే, కల్తీ ఏమీ లేదు. కాకపోతే అణువులు కొత్త వరసలో పేర్చుకుని మరో స్ఫటిక రూపం కట్టాయి. ఆ పేర్పు మరింత గట్టిది, అందుకని చాలా తక్కువ కరుగుతుంది. క్యాప్సూళ్ళు మార్కెట్ నుంచి తీసేసి, మందును వేరే రూపంలో మళ్ళీ తయారుచేయాల్సి వచ్చింది. ఇటుకలు అవే, గోడ మారింది.

అపోహ: సిరప్ తేటగా ఉంటే క్షేమమే.

ఇది రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టానేమో.

పారాసెటమాల్ మిల్లీలీటరు నీళ్ళలో 25 డిగ్రీల దగ్గర సుమారు 14 మిల్లీగ్రాములే కరుగుతుంది. పిల్లల మందు 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉండాలంటే మిల్లీలీటరుకు 25 కావాలి. ఒట్టి నీళ్ళు చాలవు. అందుకే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ లాంటి తోడు ద్రావణులు కలుపుతారు. అవి శుద్ధమైనవైతే తగిన మోతాదులో ఫరవాలేదు. వాటిలా చిక్కగా, రంగు లేకుండా, తియ్యగా ఉండే డైఇథిలీన్ గ్లైకాల్ మాత్రం మూత్రపిండాలను చంపేస్తుంది. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందు కరగడానికి దీన్నే వాడారు. తేటగా కరిగింది, రుచి కుదిరింది. వందమందికి పైగా చనిపోయారు, వాళ్ళలో దాదాపు మూడోవంతు పిల్లలు. మందు అమ్మే ముందే సురక్షితమని చూపాలన్న చట్టం 1938లో అక్కడ వచ్చింది ఆ చావుల తర్వాతే.

అయినా 2022లో గాంబియాలో, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో సిరప్‌లు తాగిన పసివాళ్ళు పోయారు. రెండుచోట్లా సిరప్‌లలో ఈ విషం బయటపడింది. తోడు ద్రావణుల్లో దీనికి హద్దు 0.10 శాతం. ఆ పరీక్ష చేయకుండా ఒక్క డ్రమ్ము ప్రొపిలీన్ గ్లైకాల్ కూడా లోపలికి రాకూడదు. మా దగ్గర ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది.

అన్ని సిరప్‌లూ తేటగా ఉండవు. పాలలా కనిపించేవి చాలావరకు సస్పెన్షన్లు, అంటే మందు కరగకుండా సన్నటి పొడిగా తేలుతూ ఉంటుంది. సీసా మీద "బాగా కదిపి వాడండి" అని రాసేది వాటికే. కదపకుండా పోస్తే మొదటి రోజుల్లో బిడ్డకు మందు తక్కువ, సీసా అడుగుకు వచ్చేసరికి ఎక్కువ అందుతుంది. ప్రతిసారీ, మూత తీయకముందే కదపండి. మూత లోపలి అంచుకు తెల్లగా ఎండిన పొడి కూడా మందే.