లాకులో పడవ ఆగినట్టే ఉంటుంది

చిరంజీవులు బుజ్జికీ, చిన్నుకీ తాతయ్య ఆశీర్వదించి రాయునది.

బుజ్జీ, నిన్న రాత్రి లాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోయిందని నువ్వు ఫోన్ చేసినప్పుడు "ముట్టుకోకు, ఛార్జర్ తియ్యకు, వెళ్ళి పడుకో" అని మాత్రం చెప్పి పెట్టేశాను. పొద్దున్నకల్లా లాప్‌టాప్ దానంతటదే లేచి కూర్చుందని మీ అమ్మ మెసేజ్ పెట్టింది. సంతోషం. కానీ నువ్వు అడిగిన మాట నన్ను వదలలేదు. "ముప్పై శాతం దగ్గరే ఉండిపోయింది తాతయ్యా. అది పని చేస్తోందో, బిగుసుకుపోయిందో ఎలా తెలుస్తుంది?" అన్నావు. పెద్దవాళ్ళు కూడా చాలామంది ఈ ప్రశ్న అడగరు, నేరుగా పవర్ బటన్ మీద వేలు పెడతారు. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ లాబ్ చూసుకున్నన్నాళ్ళూ నేను చూసింది అదే. నువ్వు అడిగావు కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

మొన్ననే కాలువలకి నీళ్ళు వదిలారు. కొత్తనీరు చెత్తనీ గుర్రపుడెక్కనీ ముందుకి తోసుకుంటూ మన వంతెన కిందకి వచ్చింది. అది చూస్తూ నిలబడితే నీ ప్రశ్నకి జవాబు లాకుల దగ్గరే ఉందనిపించింది. ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కుని వస్తూ లొల్ల లాకుల దగ్గర కారు ఆపి ఫొటోలు తీసుకున్నారు కదా, ఆ లాకులే.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టారని, 1852కి పూర్తయిందని మీ పుస్తకాల్లో ఉంటుంది. ఆ ఆనకట్ట కింద తవ్విన కాలువలు పొలాలకి నీళ్ళు పెట్టడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. మన నేల సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి కాలువని మెట్లు మెట్లుగా దింపాలి. నీళ్ళు మెట్టు దూకుతాయి, పడవ దూకలేదు. అందుకే అలాంటి చోట్ల లాకు కట్టారు. రెండు పక్కలా గోడలు, ముందొక జత తలుపులు, వెనకొక జత తలుపులు. పైకి వెళ్ళాల్సిన పడవ కింది తలుపుల్లోంచి లోపలికి వస్తుంది. వెనక తలుపులు మూసేస్తారు. పైవైపు చిన్న షట్టర్లు ఎత్తితే పై నీరు లోపలికి దిగుతుంది, నీటితో పాటు పడవ లేస్తుంది. లోపలి నీరూ పై నీరూ సమానమయ్యాక పై తలుపులు తెరుస్తారు. ఇంతే. కరెంటు లేదు, మోటారు లేదు. నాకు ఇప్పటికీ అంతకంటే తెలివైన యంత్రం కనబడలేదు.

నా చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊరు వెళ్ళాలంటే గూటి పడవే. ముందు భాగంలో ధాన్యం బస్తాలు, వాటి వెనక కొబ్బరికాయల గుట్ట, ఆ మిగిలిన జాగాలో మేము. గాలి లేకపోతే ఒడ్డున ఇద్దరు మనుషులు తాడు భుజానికేసుకుని లాగేవారు, సరంగు చుక్కాని దగ్గర కూర్చునేవాడు. లాకులోకి వచ్చి తలుపులు మూశాక ఇంక అంతా నిశ్శబ్దం. చుట్టూ నాచు పట్టిన తడి గోడలు, పైన గుమ్మమంత ఆకాశం. పడవ ఎటూ కదలదు. నాకు ఒకటే టెన్షన్. మా మావయ్య మాత్రం చుట్ట కాల్చుకుంటూ, "ఒరేయ్, ఆ గోడలో ఒక రాయిని గుర్తు పెట్టుకో. పడవని చూడకు, ఆ రాయిని చూడు" అనేవాడు. తెల్లమచ్చ ఉన్న రాయి ఒకటి చూసుకునేవాణ్ణి. మొదట అది నీటికి జానెడు ఎత్తున ఉండేది. చూస్తూ చూస్తూ ఉండగానే బెత్తెడయ్యేది. ఇంకాసేపటికి నీళ్ళు దాని అంచు నాకుతుండేవి. ముందుకి కదలని పడవ పైకి లేస్తోందన్నమాట.

ఇంకొక సంగతి కూడా అక్కడే నేర్చుకున్నాను. నీరు మొదట్లో జోరుగా నిండుతుంది, చివర్లో బాగా నెమ్మదిస్తుంది. పై నీటికీ లోపలి నీటికీ తేడా తగ్గేకొద్దీ తోపు తగ్గుతుంది కదా. ఆఖరి బెత్తెడు నిండడానికి ప్రాణం విసిగిపోతుంది. "ఇంక తీసెయ్యొచ్చుగా" అని నేనంటే లాకు లస్కరు, అంటే ఆ తలుపులు చూసుకునే మనిషి, నవ్వి, "నువ్వూ నేనూ లాగితే రాదు అబ్బాయ్. నీళ్ళు సమానమైతే తలుపే తేలికవుతుంది" అన్నాడు. నిజమే, తేడా ఉన్నంతసేపూ పై నీటి బరువే ఆ తలుపుల్ని బిగించి పట్టుకుంటుంది.

ఇప్పుడు నీ లాప్‌టాప్ దగ్గరికి వద్దాం. విండోస్ ఫైళ్ళలో చాలా వాటిని అది నడుస్తుండగా మార్చడానికి వీల్లేదు, ఎందుకంటే వాటిని అప్పుడు అదే వాడుకుంటూ ఉంటుంది. అందుకే కొత్త ఫైళ్ళన్నీ ముందే తెచ్చి పక్కన పెట్టుకుని, రీస్టార్ట్ అడుగుతుంది. ఆ నీలం తెరో నల్ల తెరో వచ్చి, గుండ్రంగా చుక్కలు తిరుగుతున్నాయంటే పడవ లాకులో ఉందన్నమాట. వెనక తలుపులు మూశారు, పై తలుపులు ఇంకా తెరవలేదు. పాతదీ కాదు, కొత్తదీ కాదు. సరిగ్గా అప్పుడు పవర్ తీసేస్తే కొన్ని ఫైళ్ళు పాతవి, కొన్ని కొత్తవి మిగిలిపోవచ్చు. రెండు వైపుల తలుపులూ ఒకేసారి తీసేస్తే నీళ్ళు ఏం చేస్తాయో ఊహించుకోండి. ‘ఆఫ్ చెయ్యవద్దు’ అని రాసేది అందుకే.

శాతం అంకెని గడియారంలా చూడకండి. ముప్పై నుంచి ముప్పై ఒకటికి వెళ్ళడంలో ఒక చిన్న పని ఉండొచ్చు, వేల ఫైళ్ళ పని ఉండొచ్చు. పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌కి గంటలు పట్టే పెద్ద అప్‌డేట్, ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) ఉన్నదానిలో అందులో కొంత సమయానికే అయిపోతుంది. కాబట్టి గోడలో రాయిని చూడండి. డిస్క్ లైటు ఉంటే అది అప్పుడప్పుడైనా మినుకుతోందా? లైటు లేని లాప్‌టాప్ అయితే చెవి ఆనించి ఫ్యాన్ వినండి, అడుగున చెయ్యి పెట్టి వేడి చూడండి. క్యాప్స్‌లాక్ కీకి లైటు ఉంటే ఒకసారి నొక్కండి. వెలిగి ఆరుతోందంటే యంత్రం ఇంకా మీ మాట వింటోంది. ఒక కాగితం మీద టైమూ శాతమూ రాసుకుని పక్కకి వెళ్ళండి. ఎదురుగా కూర్చుంటే చెయ్యి ఊరుకోదు.

రెండు మూడు గంటలైనా అంకె మారలేదు, లైటు లేదు, క్యాప్స్‌లాక్ పలకడం లేదు. అప్పుడు మాత్రం లాకులో ఏదో అడ్డుపడిందనే అనుకోవాలి. మా రోజుల్లో గుర్రపుడెక్క తలుపుల మధ్య ఇరుక్కుంటే లస్కరు ముందు దాన్ని తీయించేవాడు. మీరు కూడా ముందు ప్రింటర్, పెన్‌డ్రైవ్, బయటి హార్డ్ డిస్క్ వంటివన్నీ పీకెయ్యండి, కొన్నిసార్లు అదే అడ్డు. తర్వాత కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కి చూడండి, ఒక్కోసారి లాగిన్ తెర వచ్చేస్తుంది. ఏదీ పలకకపోతే పవర్ బటన్‌ని పది సెకన్ల పాటు అలాగే నొక్కి పట్టుకుని ఆపి, మళ్ళీ ఆన్ చెయ్యండి. ఇది ఆఖరి పని. విసుగొచ్చిందని చేసే పని కాదు.

ఆన్ చేశాక ‘మార్పులు వెనక్కి తీస్తున్నాం’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం కనిపిస్తే కంగారుపడకండి. లాకులో నీళ్ళు మళ్ళీ కిందకి వదిలి పడవని మొదట ఉన్న కాలువలోకి దింపుతోంది. దీన్ని కూడా మధ్యలో ఆపకూడదు. ఏ ఫైలు ముందు ఎక్కడుందో, దాని బదులు ఏది వచ్చిందో ముందే రాసిపెట్టుకుని, అంత గందరగోళంలోంచి అన్నిటినీ తిరిగి వాటి వాటి చోట పెట్టుకుంటుంది చూశారా, అది నిజంగా అబ్బురం. ఎన్ని యంత్రాల్లో చూసినా నాకు ఆ ఆశ్చర్యం తీరలేదు.

అప్పటికీ తెరుచుకోకపోతే, విండోస్ గుర్తు వస్తుండగానే ఆపడం, మళ్ళీ పెట్టడం రెండు మూడుసార్లు చేస్తే మరమ్మతు తెర వస్తుంది. ట్రబుల్‌షూట్‌లోకి వెళ్ళి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ అన్నది నొక్కితే కొత్తగా పడినదాన్ని తీసేస్తుంది. తప్పనిసరైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌కి కూడా అక్కడి నుంచే వెళ్ళాలి. ఇక్కడే కొన్ని లాప్‌టాప్‌లు బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం, దాని కీ అడుగుతాయి. 48 అంకెలుంటాయి. అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉండొచ్చు. మీ నాన్నని అడిగి ఇవాళే చూసి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టించండి. తాళం వెతకడానికి అర్ధరాత్రి మంచి సమయం కాదు.

లోపలికి వెళ్ళాక ఎందుకు ఆగిందో చూడాలి. ఎక్కువసార్లు కారణం చోటు లేకపోవడమే. సి డ్రైవ్‌లో 20 జీబీ అయినా ఖాళీ ఉంచండి. చిన్నూ, నీ గేమ్ వీడియోల సంగతే చెబుతున్నాను. చోటున్నా మళ్ళీ ఆగితే, దిగిన ఫైళ్ళు పాడై ఉండొచ్చు. విండోస్ అప్‌డేట్ సర్వీసుని ఆపి, విండోస్ ఫోల్డర్‌లో సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ లోపలున్న డౌన్‌లోడ్ ఫోల్డర్‌ని ఖాళీ చేసి, సర్వీసు మళ్ళీ పెడితే అన్నీ కొత్తగా దింపుకుంటుంది. సిస్టమ్ ఫైళ్ళే దెబ్బతింటే డిస్మ్, ఎస్‌ఎఫ్‌సీ అని రెండు కమాండ్లున్నాయి, ముందు డిస్మ్, తర్వాత ఎస్‌ఎఫ్‌సీ. వాటి అక్షరాలు మీ నాన్న ఫోన్‌కి విడిగా పంపిస్తాను. పక్కన పెద్దవాళ్ళు లేకుండా చెయ్యకండి.

ఇవన్నీ రీస్టార్ట్ తెర మీద ఆగినప్పటి మాటలు. డౌన్‌లోడ్ అవుతూ ఆగిందనుకోండి, పడవ ఇంకా లాకు దాకా రానే లేదు. అప్పుడు నెట్ చూసుకుని, కంప్యూటర్‌లో తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకుని, నిశ్చింతగా రీస్టార్ట్ చెయ్యొచ్చు. దానికీ దీనికీ తేడా తెలియక భయపడేవాళ్ళే ఎక్కువ. బయాస్, అంటే విండోస్ కంటే ముందు కంప్యూటర్‌ని లేపే ప్రోగ్రామ్, దాని అప్‌డేట్ అని వస్తే మాత్రం ఏం జరిగినా పవర్ తియ్యకూడదు. మన వైపు గాలివాన వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి, బ్యాటరీ నిండుగా ఉండి, ఛార్జర్ కూడా పెట్టాకే దానికి ఒప్పుకోండి.

"ఇంత బాధ ఎందుకు, అప్‌డేట్ మానేస్తే పోలా" అని చిన్ను వెనక నుంచి అరవడం ఫోన్‌లో వినబడింది. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ విండోస్‌లో ఒక పెద్ద కన్నానికి మరమ్మతు విడుదల చేసింది. వేసుకోనివాళ్ళు లక్షల్లో ఉండిపోయారు. రెండు నెలలు తిరక్కుండా మే 12న వానాక్రై అనే వైరస్ ఆ కన్నంలోంచే దూరి, 150 దేశాల్లో కంప్యూటర్లకి తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాల్సివచ్చింది. మన ఒక్కరి బద్ధకం మనతో పోదురా చిన్నూ, పక్కవాడి తలుపు కూడా తెరిచిపెడుతుంది.

కొత్త ఫోన్లలో చాలావాటికి ఈ అవస్థ తగ్గింది. 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన పద్ధతి ఒకటుంది. పక్కపక్కనే రెండు లాకులున్నట్టు, ఒకదానిలో మీరు ఫోన్ వాడుకుంటూ ఉండగానే రెండోదానిలో కొత్తదాన్ని నింపి పెడుతుంది. రీస్టార్ట్‌లో అటువైపు మారుతుంది. అది సరిగ్గా లేవకపోతే పాతదానికే తిరిగి వస్తుంది. ఎవరి ఆలోచనో గానీ, చల్లగా ఉండాలి.

ఇక మీకో పని. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబర్ నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు వదులుతోంది. మనకి అవి మంగళవారం రాత్రి పొద్దుపోయాక వస్తాయి, అందుకే నీకు నిన్న, బుధవారం రాత్రి, రీస్టార్ట్ అడిగింది బుజ్జీ. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్ళి అప్‌డేట్ హిస్టరీ తెరవండి. తేదీలన్నీ వరసగా ఉంటాయి, ఏది సరిగ్గా పడిందో ఏది ఫెయిలైందో కూడా ఉంటుంది. క్యాలెండర్ పక్కన పెట్టుకుని అవి రెండో మంగళవారాల చుట్టూ ఉన్నాయో లేదో సరిచూడండి. ఫెయిలైనవి ఉంటే వాటి పక్కనున్న నంబరు రాసుకోండి. వచ్చే నెల అప్‌డేట్ పడేటప్పుడు ఒకరు టైము చెప్పండి, ఇంకొకరు శాతం రాయండి. ఏ అంకె దగ్గర ఎక్కువసేపు నిలబడిందో నాకు రాసి పంపండి. బుజ్జి లాప్‌టాప్‌లోదీ, మీ నాన్న ఆఫీసు లాప్‌టాప్‌లోదీ విడివిడిగా రాయండి, రెండూ ఒక్కలా ఉండవు.

తాతయ్య