మణలి హైడ్రోజన్ పేచీ: 2023 డిసెంబర్ రాత్రి మార్చిన లెక్క

ఉత్తర చెన్నైలోని మణలి ఫ్యాక్టరీలకు గ్రీన్ హైడ్రోజన్ (గాలి, ఎండ కరెంటుతో నీటిని విడగొట్టి తీసే హైడ్రోజన్) ఎక్కడ తయారవ్వాలన్న పేచీ మళ్లీ రాజుకుంది. వాడేచోటే చేసుకుందామని ఒక పక్షం. గాలిమరలున్న తూత్తుకుడి, తిరునెల్వేలి వైపు తయారుచేసి, అమ్మోనియాగా మార్చి ఓడల్లో తెచ్చుకుందామని ఇంకో పక్షం. కేంద్రం 19,744 కోట్ల రూపాయల గ్రీన్ హైడ్రోజన్ మిషన్, 2030 లక్ష్యాలు అందరికీ తెలిసినవే. ఉత్తర చెన్నై దీన్ని చూసే తీరు మారింది మాత్రం 2023 డిసెంబర్ 26 రాత్రి.

అర్ధరాత్రికి కాస్త ముందు మణలి పక్కనే ఉన్న ఎన్నూరులో, పెరియకుప్పం దగ్గర, ఓడ నుంచి అక్కడి ఎరువుల ఫ్యాక్టరీకి అమ్మోనియా తెచ్చే సముద్రగర్భ పైపు లీకయింది. ఘాటుకు నిద్రలేచిన జనం కళ్లు మండుతూ, ఊపిరాడక, పిల్లల్ని చంకనేసుకుని రోడ్డెక్కారు. పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు. అప్పటికి మూడు వారాల కిందటే మిచాంగ్ తుపాను వరదలో చమురు ఎన్నూరు క్రీక్‌లోకి (సముద్రపు పాయలోకి) చేరి పడవలు, వలలు నల్లబడ్డాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ రెండింటినీ విచారణకు తీసుకుంది.

తండయారుపేట, చాకలిపేటల నుంచి మణలికి షిఫ్టులకు వెళ్లే మన తెలుగువాళ్లూ ఉన్నారు. అమ్మోనియా గాలి కరెంటుతో చేసినా, చమురు నుంచి తీసే నాఫ్తాతో చేసినా ముక్కుకు తగిలే ఘాటు ఒకటేనని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. రవాణా పక్షం మాటలోనూ పస లేకపోలేదు: హైడ్రోజన్ ద్రవం కావాలంటే మైనస్ 253 డిగ్రీలు, అమ్మోనియాకు మైనస్ 33 చాలు. కానీ రిఫైనరీకి కావాల్సింది హైడ్రోజన్. వచ్చిన అమ్మోనియాను బాగా వేడిచేసి మళ్లీ విడగొట్టాలి. ఆ ఖర్చు ఎవరి మీద వేస్తారో మరి.

నిజానికి మణలికి హైడ్రోజన్ పాత చుట్టమే. ఇంధనంలో గంధకం తీయడానికి రిఫైనరీ, యూరియా కోసం మణలిలోని ఎరువుల ఫ్యాక్టరీ (ఎన్నూరుది వేరు) దశాబ్దాలుగా అక్కడే చేసుకుని అక్కడే వాడేస్తున్నాయి. 2019లో ఎన్నూరులో ఎల్ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) టెర్మినల్ వచ్చాక మణలి ఎరువుల ఫ్యాక్టరీ నాఫ్తా మాని గ్యాస్‌కు మారింది. కాస్టిక్ సోడా తయారీలోనైతే టన్నుకు దాదాపు 25 కిలోల హైడ్రోజన్ ఉపఉత్పత్తిగా వస్తుంది. పేచీ అంతా గ్యాస్ దగ్గరే: దానితో కిలో హైడ్రోజన్ చేస్తే 9-10 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కేంద్రం 2023 ఆగస్టు ప్రమాణం ప్రకారం గ్రీన్ అనిపించుకోవాలంటే అది 2 కిలోలు దాటకూడదు.

చెన్నైలో నీళ్లెక్కడివని అడిగేవాళ్లకు 2019 కరువు గుర్తుంటుంది. అదే ఏడాది కొడుంగయ్యూర్‌లో మురుగునీటిని శుద్ధిచేసి మణలి వైపు పంపే ప్లాంటు మొదలైన సంగతి గుర్తుండదు. దాని సామర్థ్యం రోజుకు 4.5 కోట్ల లీటర్లు. రోజుకు 100 టన్నుల హైడ్రోజన్‌కు రసాయన లెక్కలో పట్టేది 9 లక్షల లీటర్లు. కూలింగ్‌కు, వృథాకు మూడింతలు వేసుకున్నా నీళ్లు అడ్డం కావు.

అడ్డం కరెంటు. కిలో హైడ్రోజన్‌కు 50-55 యూనిట్లు కావాలి. 2022 ఫిబ్రవరి గ్రీన్ హైడ్రోజన్ పాలసీలో కేంద్రం ఇచ్చిన 25 ఏళ్ల మినహాయింపు అంతర్రాష్ట్ర లైన్ల చార్జీలకే. తిరునెల్వేలి గాలి కరెంటు రాష్ట్ర లైన్ల మీదుగా మణలికి వస్తే అది వర్తించదు. ఆ చార్జీ ఎంతో తేల్చాల్సింది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్. యూనిట్‌కు రూపాయి పెరిగితే కిలో హైడ్రోజన్ మీద 50 రూపాయలకు పైనే పడుతుంది. ఓడల పక్షానికి ఇప్పుడున్న బలమంతా ఆ రూపాయే.