బీబీసీ మైక్రో మొరాయిస్తే ముందు దాని కూత వినండి

బాగున్న బీబీసీ మైక్రో కంప్యూటర్‌కి స్విచ్ వేస్తే ‘బూ’ అని ఒక బొంగురు మోత, ఆ వెంటనే ‘బీప్’ అని ఒక సన్నని కూత వినిపిస్తాయి. మొదటిది ఏ ప్రోగ్రామూ చేయించేది కాదు. కరెంటు అందగానే ఎస్‌ఎన్76489 సౌండ్ చిప్ తనంతట తానే మోగుతుంది. ప్రాసెసర్ మేలుకుని, రోమ్‌లోని ఆదేశాలు చదివి, సిస్టమ్ వీఐఏ అనే 6522 చిప్ ద్వారా దాన్ని ఆపిస్తుంది. తర్వాతి బీప్ ఒక్కటే ఆపరేటింగ్ సిస్టమ్ కావాలని చేసేది. అంటే మోత ఆగకుండా సాగుతోందంటే కరెంటు వస్తోంది, సౌండ్ చిప్ పనిచేస్తోంది, ప్రాసెసర్ మాత్రం దాన్ని ఆపించేదాకా రాలేదు. అసలు చప్పుడే లేకపోతే ముందు అనుమానించాల్సింది పవర్ సప్లైని. మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలో ఇంత స్పష్టంగా చెప్పే పాత కంప్యూటర్లు అరుదు.

ఏకార్న్ కంపెనీ 1981 డిసెంబరులో విడుదల చేసిన యంత్రమిది. మోడల్ బీలో 2 మెగాహెర్ట్జ్ 6502ఏ ప్రాసెసర్, 32 కేబీ ర్యామ్ ఉంటాయి. 1984-85లో మన దేశంలో బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి మొదలైన ‘క్లాస్’ పథకం కింద బడులకు చేరినవి కూడా ఇవే.

ఏళ్ల తరబడి అటక మీదున్న యంత్రాన్ని దించగానే ప్లగ్ పెట్టకండి. చాలావాటిలో స్విచ్ మోడ్ పవర్ సప్లై ఉంటుంది. దాని మెయిన్స్ ఫిల్టర్‌లో వాడిన రిఫా కంపెనీ కెపాసిటర్లు లోహపు పూత వేసిన కాగితంతో చేసినవి. వయసు మీద పడ్డాక పైనున్న పసుపు రంగు పారదర్శక తొడుగు పగులుతుంది, పగుళ్లలోంచి కాగితం తేమ పీల్చుకుంటుంది. అప్పుడు కరెంటు ఇస్తే కాసేపటికే వేడెక్కి ఢామ్మని పేలి, గదంతా ఘాటైన పొగ కమ్ముతుంది. పగుళ్లు కనబడకపోయినా మార్చేయడమే మంచిది. 0.1 మైక్రోఫారడ్‌ది ఒకటి, 0.01ది ఒకటి, రెండూ ఎక్స్2 తరగతివే (మెయిన్స్‌కి నేరుగా కలిపేందుకు చేసినవి) కావాలి, కనీసం 250 వోల్టుల ఏసీకి తగినవి. మామూలు కెపాసిటర్ ఇక్కడ పనికిరాదు. సప్లై మొదలవడానికే తడబడుతుంటే లోపలి 220 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కూడా ఎండిపోయి ఉండవచ్చు. ఒక్క మాట: 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చాక లోపలి పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి. ప్లగ్ పీకి, మల్టీమీటర్‌తో కొలిచి, అది పూర్తిగా దిగిందని తేలాకే చెయ్యి పెట్టాలి. మెయిన్స్ పని అలవాటు లేనివాళ్లు ఈ డబ్బా విప్పనే కూడదు.

సప్లై నుంచి బోర్డుకి మూడు ఎర్ర తీగలు, మూడు నల్లవి, ఒక ఊదా రంగుది వస్తాయి. ఎర్రవి 5 వోల్టులు, ఊదాది మైనస్ 5. ఎర్రవి మూడూ ఒకటే కదా అని ఒకదాన్ని వదిలేస్తే బోర్డులో కొంత భాగానికి కరెంటు అందదు. వోల్టేజీని తీగల దగ్గర కాక ప్రాసెసర్ 8, 21 కాళ్ల (పిన్నుల) మధ్య కొలవండి. 4.75కి తగ్గకూడదు, 5.25కి మించకూడదు. తీగ మొదట్లో 5.1 ఉండి చిప్ దగ్గర 4.6 వస్తే నేరం సప్లైది కాదు, చిలుము పట్టిన క్లిప్పులది.

వోల్టేజీ సరిగ్గా ఉన్నా మోత ఆగలేదంటే, చిప్ కాలు మీద సిగ్నల్ ఎలా ఉందో చూపే లాజిక్ ప్రోబ్ చేతిలోకి తీసుకోండి. ప్రాసెసర్ 40వ కాలు రీసెట్, స్విచ్ వేసిన క్షణం తర్వాత పైకి లేచి అక్కడే నిలవాలి. కిందే ఉండిపోతే కీబోర్డు రిబ్బన్ తీసి మళ్లీ చూడండి. అప్పుడు లేస్తే బ్రేక్ కీ ఇరుక్కున్నట్టే, లేవకపోతే రీసెట్ ఇచ్చే 555 టైమర్‌ని చూడాలి. 37వ కాలు మీద 2 మెగాహెర్ట్జ్ క్లాక్, 7వ కాలు మీద సింక్ పల్సులు (ప్రతి కొత్త ఆదేశం చదివేటప్పుడు వచ్చేవి) కనబడాలి. ఇవన్నీ ఉన్నాయంటే ప్రాసెసర్ ఏవో ఆదేశాలు చదువుతోంది, కానీ అవి సరైనవి కావు. ఎక్కువసార్లు దీనికి కారణం సాకెట్లే. చిప్ కాళ్లు నల్లబడతాయి, వేడెక్కి చల్లారే క్రమంలో చిప్పులు కొద్దికొద్దిగా పైకి లేస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే ఓఎస్ రోమ్ (బోర్డు మీద ఐసీ51), సిస్టమ్ వీఐఏ (ఐసీ3), ప్రాసెసర్, తెర బొమ్మను తయారుచేసే వీడియో యూఎల్ఏ (ఐసీ6), వీటిని తీసి, కాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చిప్ చివరనున్న గాటు ఏ వైపుందో చూసుకుని మళ్లీ కూర్చోబెట్టండి.

అప్పటికీ లొంగకపోతే ఒక పాత పరీక్ష ఉంది. ప్రాసెసర్‌ని విడి 40 కాళ్ల సాకెట్‌లో పెట్టి, ఆ సాకెట్ 26 నుంచి 33 దాకా ఉన్న డేటా కాళ్లు బోర్డుకి తగలకుండా వంచండి. 29, 31, 33 కాళ్లను గ్రౌండ్‌కి (0 వోల్టులకు), మిగతా ఐదింటినీ 5 వోల్టులకు, ఒక్కోదాన్నీ 1 కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా కలపండి. ఇప్పుడు ప్రాసెసర్ ఏ చిరునామా చదివినా దానికి అందేది ‘ఏమీ చేయకు’ అనే ఒకే ఆదేశం. దాంతో అది చిరునామాలను వరుసగా లెక్కపెడుతూ పోతుంది. 9వ కాలు మీద సుమారు 500 కిలోహెర్ట్జ్, 10వ దాని మీద అందులో సగం, ఇలా ప్రతి చిరునామా గీతా ముందుదానిలో సగం వేగంతో కొట్టుకోవాలి. రెండు గీతలు ఒకేలా కదిలితే అవి ఒకదానికొకటి షార్ట్ అయ్యాయి. అన్నీ సరిగ్గా ఉంటే ప్రాసెసర్ నిర్దోషి, తప్పు రోమ్‌లోనో ర్యామ్‌లోనో డేటా గీతల మీదో ఉంది.

బీప్ వచ్చిందంటే కష్టం సగం తీరినట్టే. తెర మీద ‘లాంగ్వేజ్?’ అని కనబడితే ఓఎస్, వీడియో రెండూ పనిచేస్తున్నాయి, బేసిక్ రోమ్ (ఐసీ52) ఒక్కటే కనబడటం లేదు. పదినిమిషాలు బాగుండి ఆ తర్వాత గీతలు, తప్పు రంగులు వస్తే వీడియో యూఎల్ఏ వేడిని చూడాలి.

తెర మీద పేరు ‘బీబీసీ’ బదులు ‘సీసీసీ’ అని, ఖాళీల్లో ఆశ్చర్యార్థకాలతో కనబడితే అది చాలా విలువైన సూచన. ఇంగ్లిష్ బీ అక్షరం సంఖ్య 66, సీది 67. ఖాళీది 32, ఆశ్చర్యార్థకానిది 33. అంటే అన్నిటికన్నా చిన్న బిట్ ఎప్పుడూ 1గా బిగుసుకుపోయింది. ర్యామ్ 4816 రకం చిప్పులు పదహారింటిలో ఉంటుంది, 16 కేబీకి ఎనిమిది చొప్పున, బైట్‌లోని ఒక్కో బిట్‌కి ఒక్కో చిప్. తెర మీది అక్షరాలు ర్యామ్ పై సగంలోని 16 కేబీ నుంచి వస్తాయి కాబట్టి, ర్యామ్ కింది సగం బాగుంటే ఓఎస్ నడుస్తూనే అక్షరాలు తప్పుతాయి. బేసిక్‌లో హెక్స్ 5000 చిరునామాలో 0 రాసి తిరిగి చదివి, వచ్చింది 0 కాకపోతే బీప్ చేయమనండి. ఈ స్థితిలో 0 కూడా 1గానే కనబడుతుంది కాబట్టి జవాబును తెర మీద చూసి లాభం లేదు. బీప్ వస్తే ఆ బిట్‌కి చెందిన 4816 చిప్ పోయింది. రాకపోతే ర్యామ్ బాగుంది, అక్షరాలు గీసే ఎస్‌ఏఏ5050 చిప్‌నో, దాని ముందు డేటాను క్షణం పట్టి ఉంచే లాచ్ చిప్‌నో పట్టుకోవాలి. ర్యామ్ చిప్ మార్చేటప్పుడు దాన్ని మొత్తంగా పీకే ప్రయత్నం చేస్తే బోర్డు మీది రాగి గీతలు లేచి వస్తాయి. కాళ్లన్నీ కత్తిరించి, ఒక్కో ముక్కనూ విడిగా వేడిచేసి లాగి, ఆ చోట 16 కాళ్ల సాకెట్ బిగించండి.