అమ్మానాన్నలకు బడిలో పనేంటి?

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లోని సర్కారు బడుల్లో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూలుకు వచ్చారు. 2022 దాకా బాపట్ల గుంటూరు జిల్లాలోదే. సందడి బాగానే జరిగింది కానీ, పిల్లల చదువులో పెద్దవాళ్ల పనేమిటన్న ప్రశ్న చాలా పాతది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలెక్టర్లను బడుల లెక్కలు అడిగాడు. అందులో గుంటూరూ ఉంది, మచిలీపట్నమూ ఉంది. 1826లో మన్రో తేల్చిన లెక్క ప్రకారం ప్రెసిడెన్సీలో 12,498 బడులున్నాయి. మద్రాసు నగరంలో ఇంటి దగ్గరే చదివేవాళ్లు 26,963 మంది అని తేలింది, అంటే బడికి వెళ్లేవాళ్లకు దాదాపు ఐదు రెట్లు. ఆ అంకె మీద ఆయనకే అనుమానం. అయినా బంధువులో ప్రైవేటు పంతుళ్లో ఇంట్లో చదువు చెప్పడం అన్నిచోట్లా బాగానే ఉందని రాశాడు. ఆ ఇళ్లు ఎవరివో ఊహించుకోవచ్చు. ఎక్కువగా అప్పటికే అక్షరం వచ్చిన కులాలవి, అదీ చాలావరకు మగపిల్లలకే.

వీధిబడి పంతులుకు జీతం ఊరివాళ్ల చేతుల్లోంచే వచ్చేది. దసరాకు పిల్లల్ని వెంటేసుకుని ఇంటింటికీ తిరిగేవాడు. జీతాలు సర్కారు నుంచి రావడం మొదలయ్యాక ఆ తిరుగుడు ఆగింది. పంతులుకు అదే మంచిది. కాకపోతే పిల్లాడి తండ్రితో మాట్లాడాల్సిన అవసరమూ తగ్గింది.

తల్లిదండ్రుల్ని చట్టంతో మళ్లీ బడిలోకి తెచ్చింది 1998లో. ఉమ్మడి రాష్ట్రం చేసిన ఆ చట్టంతో పాఠశాల విద్యా కమిటీలు వచ్చాయి. 2009 విద్యాహక్కు చట్టం ఇంకో అడుగు వేసి, యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలంది, సగం మంది ఆడవాళ్లంది. వాళ్లకు అప్పగించిన పనులు చూడండి: బడి నడకను గమనించడం, అభివృద్ధి ప్రణాళిక రాయడం, నిధుల ఖర్చు చూడటం. ఇక 10వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రుల బాధ్యత పిల్లల్ని బడిలో చేర్చడం. ఇంట్లో రాత్రిపూట పిల్లతో ఎవరు కూర్చుంటారన్నది ఏ సెక్షన్‌లోనూ లేదు. 2020లో మొదలైన అమ్మ ఒడి కింద తల్లి ఖాతాలో డబ్బు వేసినా, పెట్టిన షరతు 75 శాతం హాజరే.

చిన్న తరగతుల పిల్లల మీద ప్రభావం చూపేది మాత్రం ఇంటి ముచ్చటే. 2003లో బ్రిటన్‌లో చార్లెస్ డెస్‌ఫోర్జెస్, ఆల్బర్టో అబూచార్ అనే ఇద్దరు పరిశోధకుల పేరుతో వచ్చిన ఒక సమీక్షలో పాత పరిశోధనలన్నీ పరిశీలించారు. ప్రాథమిక స్థాయిలో బడికీ బడికీ ఉండే తేడా కన్నా, ఇంట్లో పెద్దవాళ్లు పట్టించుకోవడంలో ఉండే తేడాయే ఎక్కువ పనిచేస్తుందని తేల్చారు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్‌లో ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ బృందం చేసిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. కమిటీల హక్కుల గురించి ఊళ్లలో సభలు పెట్టి చెబితే బడిలో ఏమీ మారలేదు. ఊరి కుర్రాళ్లకు చదివించే పద్ధతి నేర్పి క్యాంపులు పెట్టించినప్పుడు మాత్రం, వాటికి వెళ్లిన పిల్లలకు చదవడం వచ్చింది.

మన బెజవాడ, గుంటూరుల్లో పట్టించుకోవడమంటే ఫీజు కట్టడం అన్న లెక్క ఎప్పుడో కుదిరిపోయింది. కాలేజీలతో మొదలైన ఆ అలవాటు ఒకటో తరగతి ట్యూషన్ దాకా దిగింది. ఏడేళ్ల పిల్లకు స్లిప్ టెస్టు టెన్షన్, తల్లికి వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషు హోంవర్కు. మిర్చి సీజన్‌లో పొద్దున్నే తొడిమలు తీసే పనికి వెళ్లే తల్లిని పనిరోజు మధ్యాహ్నం మీటింగుకు రమ్మంటే, ఆ పూట కూలి వదులుకోవాలి. రాకపోతే ‘శ్రద్ధ లేదు’ అంటారు. ఆమెకు చదువు రాకపోయినా, పాఠం పైకి చదివించుకుని వినడం, బడిలో ఏం జరిగిందో అడగడం చేయగలదు. ఆ సంగతి ఆమెకు చెప్పే పని మాత్రం ఇప్పటిదాకా ఏ కమిటీకీ అప్పగించలేదు.