మార్కులొచ్చాయంటే నేర్చుకున్నట్టేనా? డిగ్రీ బయాలజీలో లర్నింగ్ అవుట్‌కమ్స్: అపోహలు - వాస్తవాలు

డిపార్ట్‌మెంట్‌లో కోర్సు ఫైళ్లు చూసే పని నాది. కోర్సు అయ్యాక పిల్లలు ఏం చేయగలగాలో చెప్పే లర్నింగ్ అవుట్‌కమ్స్, అవి సాధించారనడానికి ఆధారం అందులో ఉండాలి. ఏ ఫైలు తెరిచినా ఒకటే వరస. అవుట్‌కమ్ 1, కణ నిర్మాణం వివరించగలరు. ఆధారం: 90 శాతం పాస్. అవుట్‌కమ్ 2, జన్యుశాస్త్ర సూత్రాలు అన్వయించగలరు. ఆధారం: అదే 90 శాతం. అవుట్‌కమ్ 5, ప్రయోగం రూపొందించగలరు. ఆధారం ఏమిటో చెప్పక్కర్లేదు. ఫైలు రాసినవాళ్లను తప్పుపట్టను. ఎవరో అలా చేస్తే చాలన్నారు, వీళ్లు చేశారు. ఆ "ఎవరో" మీదే నా చిరాకంతా.

అపోహ: మంచి మార్కులతో పాసయ్యారంటే అవుట్‌కమ్స్ సాధించినట్టే.

మార్కు ఒక కూడిక. జెనెటిక్స్ లెక్కలు, బొమ్మలు, ప్రాక్టికల్ రికార్డు, హాజరు అన్నీ అందులో కలిసిపోతాయి. 72 వచ్చినవాళ్లు ఇద్దరున్నారనుకోండి. ఒకరు మియాసిస్ అనే కణ విభజన దశలన్నీ కళ్లు మూసుకుని గీస్తారు, గ్రాఫ్ ఇస్తే మాత్రం ఏ అక్షం మీద ఏముందో చెప్పలేరు. రెండో వాళ్లు సరిగ్గా దీనికి తిరగేసి. ఇద్దరికీ 72 వచ్చిందని చెప్పి వాళ్లకేం వచ్చో, ఏం రాదో ఎలా తేలుస్తారు? పై సెమిస్టర్‌కి పంపడానికి మార్కు పనికొస్తుంది. ప్రోగ్రాంలో ఏది బుర్రకెక్కడం లేదో పట్టుకోవడానికి పనికిరాదు.

ఒకసారి ఫైనలియర్ వాళ్ల ఫొటోసింథసిస్ పేపర్లు దిద్దాను. మొక్క గాలిలోని కార్బన్‌ను చక్కెరగా మార్చుకునే కాల్విన్ చక్రం చక్కగా రాశారు. రూబిస్కో, మూడు కార్బన్ల పీజీఏ, ఏటీపీల లెక్క, ఏదీ వదల్లేదు. పేపర్లు పంచేముందు తెల్లకాగితాలిచ్చి ఒక్క ప్రశ్న అడిగాను: "విత్తనం పెరిగి పెద్ద చెట్టయింది. తేమంతా పోయేలా ఎండబెట్టిన ఆ కట్టె బరువులో ఎక్కువ భాగం ఎక్కడి నుంచి వచ్చింది? కారణం రెండు వాక్యాల్లో రాయండి." నేల నుంచి, వేళ్లు పోషకాలు పీల్చుకుంటాయి కాబట్టి అని రాసినవాళ్లే ఎక్కువ. సూర్యకాంతే కట్టెగా మారిందని ఒకమ్మాయి రాసింది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అన్నవాళ్లు కొద్దిమందే. ఎండు కట్టెలో దాదాపు సగం బరువు కార్బన్‌దే, ఆ కార్బన్ గాలిలోంచి వచ్చిందే. నేల నుంచి వచ్చే ఖనిజాలు అందులో లెక్కకు రానంత తక్కువ. శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ ప్రయోగం 1648లో అచ్చయింది: ఐదేళ్లలో విల్లో మొక్క 160 పౌండ్లకు పైగా బరువెక్కితే కుండీలో మట్టి తగ్గింది రెండు ఔన్సులు. బరువంతా నీళ్లదేనని ఆయన పొరబడ్డాడు, సరే. మట్టిది కాదని మాత్రం తేల్చేశాడు. కార్బన్ స్థిరీకరణ గురించి పేజీలు నింపినవాళ్లు ఆ మాత్రం కూడా తేల్చుకోలేకపోయారు.

అమెరికాలో ఏఏఏఎస్ అనే సైన్స్ సంఘం 2011లో వెలువరించిన "విజన్ అండ్ చేంజ్" నివేదిక డిగ్రీ బయాలజీకి ఐదు మూల భావనలు చెప్పింది. పదార్థం, శక్తి ఎలా రూపం మారుతూ సాగుతాయన్నది వాటిలో ఒకటి. అంతటి విషయంలో పిల్లలు తడబడుతున్నారన్న సంగతి 90 శాతం పాస్ అన్న వాక్యంలో ఎక్కడ కనిపిస్తుంది?

మరి చేయాల్సిందేమిటి? అవుట్‌కమ్ ఒకటి తీసుకోండి. అది బయటపడే పని ఒకటి ఇవ్వండి. దాన్ని మార్కులతో కలపకుండా రూబ్రిక్‌తో, అంటే ఏ అంశం ఏ స్థాయిలో ఉందో చూసే పట్టికతో, విడిగా చూడండి. "ప్రయోగం రూపొందించగలరు" అన్నదానికి మేం నాలుగే వరుసలు పెట్టుకున్నాం: కంట్రోల్ (పోల్చి చూసుకోవడానికి పెట్టేది) ఉందా, మార్చేది ఒక్కటేనా, రెప్లికేట్లు (అదే ప్రయోగం మళ్లీ మళ్లీ చేయడం) ఉన్నాయా, ఏ ఫలితం వస్తే తమ పరికల్పన తప్పని ఒప్పుకుంటారో రాశారా. ఇచ్చిన పని: స్టార్చ్‌ను విడగొట్టే అమైలేజ్ ఎంజైమ్ మీద ఉష్ణోగ్రత ప్రభావం. అవే పేపర్లు నేనూ, తోటి టీచరు ఒకాయనా విడివిడిగా చూశాం. మొదటి వరుస దగ్గరే వాదన. స్టార్చ్, అయోడిన్ మాత్రమే ఉన్న గొట్టం చాలని ఆయన, మరిగించిన ఎంజైమ్ వేసిన గొట్టం కూడా ఉండాలని నేను. తేలడానికి మధ్యాహ్నమంతా పట్టింది. కంట్రోల్ అంటే ఏమిటో ఇద్దరు టీచర్లకే ఒక మాట లేకపోతే పిల్లలకెలా ఉంటుంది?

పిల్లల్లో ఎక్కువమంది తడబడింది నాలుగో వరుస దగ్గర. ఎందుకో ల్యాబ్ మాన్యువల్ తెరిస్తే తెలిసింది. ప్రతి ప్రయోగానికీ విధానం మొత్తం మేమే అచ్చేసి ఇస్తున్నాం, పిల్లలు సొంతంగా ఆలోచించే చోటే లేదు. తర్వాతి సెమిస్టర్‌కి ఒక ప్రయోగంలో విధానం తీసేసి ప్రశ్న మాత్రం ఉంచాం. అసెస్‌మెంట్ అంటే ఇంతే. ఫైలు ఎంత లావుంటే ఏం లాభం?

అపోహ: ఇదంతా టీచర్ల మీద నిఘా.

ఈ భయాన్ని కొట్టిపారేయలేను. కొత్తగా చేరిన ఒకావిడ ఇలా చూడడానికి తీసిన శాంపిల్ పేపర్లు తెచ్చి, గొంతు తగ్గించి, "తక్కువొచ్చినవి పక్కన పెట్టేయమంటారా మేడమ్?" అని అడిగింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఆ కంగారు ఎవరికుండదు? అసలు చూడాల్సింది ఆ తక్కువొచ్చినవేనమ్మా అన్నాను. శాంపిల్ లాటరీ పద్ధతిలో తీయాలి, పేపర్ల మీద పిల్లల పేర్లు కొట్టేయాలి, రిపోర్టులో టీచర్ పేరు ఉండకూడదు. ఈ అంకెలు పట్టుకుని ఎవరి ఇంక్రిమెంటైనా ఆపారో, ఆ ఏడాది నుంచి అన్ని అవుట్‌కమ్స్ నూటికి నూరు శాతం సాధించినట్టే వస్తాయి. పైవాళ్లకు ఈ మాట ముందే చెప్పి ఒప్పించండి.

అపోహ: బిట్ పేపర్ జ్ఞాపకశక్తినే పరీక్షిస్తుంది.

తప్పు ఆప్షన్లు ఎలా రాశారన్నదాన్ని బట్టి. సహజవరణం మీద 2002లో వచ్చిన కాన్సెప్ట్ ఇన్వెంటరీ, అంటే భావన అర్థమైందో లేదో చూసే బిట్ల పరీక్ష, చూడండి. తప్పు ఆప్షన్లు పిల్లలు నిజంగా పొరబడే తీరును బట్టి తయారుచేశారు. "యాంటీబయాటిక్‌కి బాక్టీరియా అలవాటు పడిపోయింది" అన్న తప్పు ఆప్షన్ పెట్టి చూడండి, ఎంతమంది దాన్నే ఎంచుకుంటారో మీకే తెలుస్తుంది.

మిగతావి గబగబా. ఫీడ్‌బ్యాక్ ఫారంలో "బాగా అర్థమైంది" అని టిక్ పెట్టడం పిల్లల అభిప్రాయం. దాన్ని నేర్చుకున్నదానికి రుజువుగా చూపకండి, పక్కన తోడుగా పెట్టుకోండి. అన్ని అవుట్‌కమ్స్ ఏటా అన్ని కోర్సుల్లో కొలవాలనేది వట్టి పుకారు. ఏడాదికి ఒకటో రెండో వంతులవారీగా చూస్తే ఎవరి నడుమూ విరగదు. నేర్చుకోవడంలో స్థాయిలు చెప్పే బ్లూమ్స్ జాబితాలోంచి "విశ్లేషిస్తారు" అన్న క్రియ తెచ్చి అతికించి, ప్రశ్నపత్రంలో "గురించి వ్రాయుము" అని అడిగితే విశ్లేషణ ఎక్కడి నుంచి వస్తుంది?

అందరూ ఫోన్ చేసి అడిగేది ఒకటుంది: ఎంత శాతం వస్తే సాధించినట్టు? "70 శాతం మంది రూబ్రిక్‌లో మూడో స్థాయి" అని మేం పెట్టుకున్నాం. మీరు వేరే పెట్టుకోండి, పేపర్లు చూడకముందే రాసి తేదీ వేయండి. దాటలేదా, "సాధించలేదు" అనే రాయండి. కింద ఏం మార్చబోతున్నారో ఒక్క లైను రాస్తే చాలు.