గురకే కదా అని పడుకోబెట్టకండి: ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌పై అపోహలు - వాస్తవాలు

ఓపియాయిడ్ అంటే నల్లమందు తరహా మత్తు, నొప్పి మందు. అది హెరాయిన్ కావచ్చు, ట్రమడాల్ కావచ్చు, మార్ఫిన్ కావచ్చు. ఇంట్లోవాళ్లు, రూమ్మేట్లు చికిత్స చేసే మాకు చెప్పే మాట మాత్రం తరచూ ఒకటే: "రాత్రంతా గురక పెట్టి పడుకున్నాడండీ, పొద్దున లేపితే లేవలేదు."

అపోహ: గురక వస్తోందంటే ఊపిరి బాగానే ఆడుతున్నట్టు. మత్తు దిగేదాకా పడుకోనిస్తే చాలు.

వాస్తవం: ఓపియాయిడ్ మెదడులో శ్వాసను నడిపే కేంద్రాన్ని అణిచేస్తుంది. గొంతు కండరాలు సడలి నాలుక వెనక్కి జారుతుంది. సగం మూసుకుపోయిన దారిలోంచి గాలి ఈడ్చుకుంటూ వచ్చే చప్పుడే ఆ గురగుర. పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఇక్కడ అది ఎనిమిదికి, నాలుగుకు పడిపోయి చివరికి ఆగిపోతుంది. గుండె మాత్రం ఇంకాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. మనిషిని బతికించుకోగలిగే సమయం అదే. నిద్ర అనుకుని వదిలేసేదీ ఆ సమయాన్నే.

అనుమానం వస్తే గట్టిగా పిలవండి. పిడికిలి కణుపులతో రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దండి. నిద్రలో ఉన్న మనిషైతే విసుక్కుని చెయ్యి తోసేస్తాడు. కదలకపోతే 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. కంటిపాపలు సూదిమొనంత అయ్యాయా అని చూస్తూ కూర్చోకండి, ట్రమడాల్‌లో అవి మామూలుగానే ఉండొచ్చు.

వెల్లకిలా పడుకోబెట్టి తలకింద దిండు తీసేయండి. దిండు మెడను ముందుకు వంచి ఉన్న కాస్త దారినీ మూసేస్తుంది. నోట్లో కనిపించే వాంతి తుడిచేసి, నుదురు వెనక్కి వంచి గడ్డం పైకెత్తండి. చాలాసార్లు ఇంతమాత్రానికే గురక ఆగి గాలి ఆడుతుంది. నాడి కచ్చితంగా అందుతున్నా ఊపిరి సరిగా లేకపోతే, ముక్కు మూసి, 5-6 సెకన్లకు ఒకసారి ఛాతీ లేచేంత మాత్రమే ఊదండి. బలంగా ఊదితే గాలి పొట్టలోకి పోయి వాంతి అవుతుంది. నాడి సంగతి తేలకపోతే తడుముకుంటూ కూర్చోవద్దు. ఊపిరి ఆగినా, ఎగశ్వాసలా ఉన్నా సీపీఆర్ మొదలుపెట్టాలి: ఛాతీ మీద 30 నొక్కులు, నోట్లోకి 2 ఊపిరులు.

అపోహ: నలాక్సోన్ (ఓపియాయిడ్‌కు విరుగుడు మందు) పడగానే లేచి కూర్చున్నాడు, ఇక ఆసుపత్రి ఎందుకు?

వాస్తవం: నలాక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలు. మెథడోన్, నిదానంగా విడుదలయ్యే మార్ఫిన్ మాత్రలు అంతకంటే చాలాసేపు ఒంట్లో ఉంటాయి. నలాక్సోన్ ప్రభావం తగ్గాక ఊపిరి మళ్లీ మందగించవచ్చు. మా లెక్క కూడా మెలకువ కాదు, శ్వాస. అందుకే ముందు మాస్కు, బ్యాగ్‌తో గాలి అందిస్తాం. ఓపియాయిడ్‌కు అలవాటు పడ్డవారికి 0.4 మిల్లీగ్రాముల నలాక్సోన్ ఆంపుల్‌ను సెలైన్‌తో 10 మిల్లీలీటర్లు చేసి, నరంలోకి ఒక్కో మిల్లీలీటరే ఇస్తూ ఊపిరి చూసుకుంటాం. ఒక్కసారే ఎక్కించేస్తే వాంతులు, తీవ్రమైన కలవరం. అమెరికాలో ఉన్న మనవాళ్లకు 4 మిల్లీగ్రాముల నలాక్సోన్ ముక్కు స్ప్రే 2023 నుంచి డాక్టర్ చీటీ లేకుండానే దొరుకుతోంది. ఒక ముక్కులో కొట్టి, 2-3 నిమిషాల్లో ఊపిరి మెరుగవకపోతే రెండో ముక్కులో ఇంకొకటి. ఈలోగా ఊదడం ఆపకూడదు.

మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్లు: స్పృహలేని మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. చన్నీళ్ల స్నానం, చెంపదెబ్బలు: టైమ్ వృథా. ముందు ఇంతే డోసు తట్టుకున్నాడు కదా అంటారు. మత్తు మాన్పించే డీఅడిక్షన్ కేంద్రం నుంచి వచ్చినవారికి పాత డోసే ప్రాణాంతకం, తట్టుకునే శక్తి పోయి ఉంటుంది.

కేసవుతుందని భయపడే తల్లిదండ్రులను అర్థం చేసుకోగలం. అయినా ఏం మింగాడో దాచకండి, ఖాళీ స్ట్రిప్పులు మా చేతికివ్వండి.

క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడుతున్న ఇళ్లవాళ్లు ఇది చదివి మాత్రలు ఆపేయకండి. డాక్టర్ రాసిన మోతాదు పాటిస్తే చాలు. ఫెంటానిల్ ప్యాచ్ (చర్మానికి అంటించే ఓపియాయిడ్ నొప్పి మందు) ఉంటే దానిమీద వేడినీళ్ల సంచీ పెట్టవద్దు. జ్వరం గట్టిగా వస్తే డాక్టర్‌కు చెప్పండి, వేడికి మందు ఎక్కువగా లోపలికి పోతుంది. మనిషి లేవకపోతే ప్యాచ్ పీకేయండి, చేతికి గ్లవ్స్ గానీ గుడ్డ గానీ చుట్టుకుని. పీకాక కూడా చర్మంలో చేరిన మందు గంటల తరబడి రక్తంలోకి దిగుతూనే ఉంటుంది కాబట్టి, కాస్త తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.